కరగడానికి మాకు ఒకటే మాట

నేను రసాయనశాస్త్రం ఉర్దూలో నేర్చుకున్నాను. మా అవ్వకు, అంటే అమ్మకు, ఉర్దూలో ‘జర’, ‘ఫికర్’ తప్ప మూడో మాట తెలియదు. ఆ రెండూ ఉర్దూ అని కూడా ఆమెకు తెలియదు. నైజాం రోజుల్లో మా దిక్కు బడి అంటే ఉర్దూయే. చొక్కా మార్చుకున్నట్టు భాష మార్చుకుని బడికి పోయేవాళ్లం. అందువల్ల నా బుర్రలో ఒక విచిత్రమైన పంపకం జరిగిపోయింది. ఉప్పు, నీళ్లు, చెంబు తెలుగులో ఉండేవి. ఆ ఉప్పును ఆ చెంబులో వేసి కలిపిన తర్వాత జరిగేదంతా ఉర్దూలో ఉండేది. నీళ్లు మొహల్లిల్, ఉప్పు మున్‌హల్, రెండూ కలిస్తే మహ్లూల్. ఇక పట్టనంత ఉప్పు వేస్తే అది సేర్ అయిన మహ్లూల్, అంటే కడుపు నిండినది. నాకు ఆ మాట ఎంతో నచ్చేది. కడుపు నిండిన నీళ్లు ఇక చాలంటాయి, మిగిలిన ఉప్పు అడుగున కూర్చుంటుంది.

హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చే నాటికి బడులు తెలుగులోకి మారుతున్నాయి. నాకు ఖానాపూర్‌లో సైన్సు మాస్టరు ఉద్యోగం. తెలుగులో పాఠం ఎట్లా చెప్పాలో తెలియక నేను బెంగ పడుతుంటే, ఆదిలాబాద్ ఆఫీసులో ఒక గుమస్తా నవ్వి, “సొంత భాషనేనాయె, నీకేం తిప్పలు?” అన్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. సొంత భాషలో నాకు ఏడవడం వచ్చు, తిట్టడం వచ్చు, ఆకలైతే అన్నం అడగడం వచ్చు. రసాయనశాస్త్రం మాత్రం రాదు.

కొత్త పాఠ్యపుస్తకం తెరిస్తే నీళ్లు ద్రావణి, ఉప్పు ద్రావితం, రెండూ కలిసినది ద్రావణం అని ఉంది. ఆ మూడు మాటలూ పుట్టించిన పండితుడెవరో గానీ, ఎనిమిదో తరగతి పిల్లల మొహం ఎన్నడూ చూసినవాడు కాడు. కవల పిల్లలనే తల్లి ఒక్కోసారి పోల్చుకోలేదు, వీళ్లు ముగ్గురు. పాఠం మధ్యలో నేనే తడబడి ద్రావణిని ద్రావితంలో వేసేవాణ్ణి. పిల్లలు పాపం అదే రాసుకునేవారు.

ఆ ఏడు నేను ఖానాపూర్‌లో ఒంటరిగా ఉన్నాను. ఎందుకు ఉన్నానో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

నా భార్య నా మేనమామ కూతురు. వాళ్లది పెద్దపల్లి దగ్గర పల్లె. చిన్నప్పటినుంచి నన్ను బావ అని పిలిచిన పిల్ల, పెళ్లయ్యాక కూడా అట్లాగే పిలిచేది. ఖానాపూర్‌కు నాతో వచ్చింది. కడుపుతో ఉంటే, నెలలు నిండకముందే పుట్టింటికి తోలిద్దామనుకున్నాం. ఆ సంవత్సరం వానలు తొందరపడ్డాయి. గోదావరి రెండు ఒడ్డులూ ముంచుకుని పారింది. పడవ వాళ్లు పడవలు పైకి లాగి కట్టేశారు. అవతలి ఒడ్డున మా అత్త, కూతురి కోసం బండి కట్టించుకుని వచ్చి, నీళ్లు చూసి తిరిగిపోయిందని తర్వాత తెలిసింది. ఇవతల ఊరి మంత్రసాని చేతుల మీద బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పురుడు తీరకముందే బిడ్డకు ఒళ్లు కాలింది, పాలు తాగడం మానేసింది, పోయింది.

మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన మాటలో సగం మరాఠీ, సగం తెలుగు. ఆయనా నేనూ కలిసి బిడ్డను తీసుకుపోయి గోదావరి ఒడ్డున, వరద అందని ఎత్తు చూసి పూడ్చిపెట్టి వచ్చాం. దారిలో ఆయన నాకు గట్టిగా చెప్పాడు.

“తల్లికి గా జాగ చూపించుడు నక్కో మాస్టరు. ఆ ముచ్చటే తియ్యొద్దు. తీస్తె మళ్ల పుట్టే బిడ్డ నిలువదు.”

మా ఇళ్లలోనూ అదే మాట అనుకుంటారు. వరద తీశాక మా అత్త వచ్చింది. ఆమె కూడా అదే చెప్పింది. నేను తల ఊపాను. ఇంట్లో ఆ బిడ్డ గురించి ఎవరూ నోరు తెరవలేదు. పురుటి మంచం మీద నా భార్య ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. అందరూ గట్టి మనిషి అన్నారు. అత్త ఆమెను బండి ఎక్కించుకుని, “నెలకు మళ్ల తోలిస్త అల్లుడా, జర తేరుకోని” అంది.

నెల పోయింది. దసరాకు నేనే పోయాను. మా మామ అరుగు మీద కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు.

“అల్లుడా, నీ మీద నాకేం కోపం లేదు. గని నా బిడ్డను మళ్ల గా అడివిల తోలియ్య. ఉగాది దాంక చూస్త. పెద్దపల్లి దిక్కు బదిలీ చేయించుకో. లేకుంటె పిల్ల గీడనే ఉంటది, నువ్వు గాడనే ఉండు.”

ఆమె లోపల చాటలో బియ్యం ఏరుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఎవరు పోయినా ఊళ్లో అందరూ అనే మాటే అన్నాను.

“మనసు గట్టి చేసుకో. దినాలు గడిస్తె దుఃఖం కరిగిపోతది.”

ఆమె తల ఎత్తలేదు. ఒక రాయి తీసి పక్కన పెట్టింది, మళ్లీ బియ్యంలో వేళ్లు పెట్టింది. నేను వచ్చిన దారినే వెళ్లిపోయాను.

బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాను. ఖానాపూర్ అంటే చలిజ్వరం అని పేరు. పెద్దపల్లి వదిలి ఇటు వస్తాననే పిచ్చివాడు ఎవడుంటాడు? పైవాళ్లు చూద్దామన్నారు. చూద్దాం అంటే ఏమిటో సర్కారు నౌకరీ చేసిన ప్రతివాడికీ తెలుసు.

ఆ చలికాలం నేను మనిషిని కాదు. పొద్దున ఒకసారి వండి రెండు పూటలా తినేవాణ్ణి. సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీస్తే ఇంట్లో ఉదయం ఏది ఎక్కడ పెట్టానో అది అక్కడే ఉండేది. అది నాకు పెద్ద బాధగా ఉండేది. ఒక గిన్నె చోటు మారినా సంతోషపడేవాణ్ణి. మాట్లాడే మనిషి లేక రేపటి పాఠం గోడకు చెప్పేవాణ్ణి. ‘ద్రావణి కరిగించునది, ద్రావితం కరుగునది’ అని పదిసార్లు గట్టిగా అనేసరికి పక్కింటి ముసలాయన మా గుమ్మంలోకి వచ్చి, ఏదైనా మంత్రం పట్టినవా అని అడిగాడు. కాదు, సైన్సు అన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. మర్నాడు నిమ్మకాయ తెచ్చి నా గడప మీద పెట్టి పోయాడు.

పటికతో స్ఫటికాలు పెంచడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. వేడి నీళ్లలో పట్టినంత పటిక కలపాలి. వేడి నీళ్లకు ఆకలి ఎక్కువ, చన్నీళ్లకంటే చాలా పడుతుంది. నీళ్లు చల్లబడుతుంటే ఎక్కువైన పటిక బయటికి వస్తుంది. అందులో ఒక దారం వేలాడదీసి, కదపకుండా వదిలేస్తే దారానికి చిన్న చిన్న గాజు ముక్కల్లా పేరుకుంటుంది. పిల్లలకు చూపించడానికి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఇంట్లో నేను లేనప్పుడు కూడా ఏదో ఒకటి జరుగుతోందని ఆశ. తాళం తీయగానే ముందు ఆ గ్లాసు దగ్గరికే పోయేవాణ్ణి. నిన్నటికంటే ఆవగింజంత పెరిగి ఉండేది. ఎవరితో చెప్పుకోవాలి?

ఇట్లా ఉండగా అర్ధసంవత్సరం పరీక్షలు వచ్చాయి. ఎనిమిదో తరగతి ప్రశ్నపత్రం నేనే రాశాను. అందులో ఒక ప్రశ్న: ‘చక్కెరను కరిగించినచో ఏమగును?’ నా ఉద్దేశంలో ఇంతకంటే తేలిక ప్రశ్న లేదు. చక్కెర ద్రావితం, నీరు ద్రావణి, ద్రావణం తయారగును, అంతే. పేపర్లు దిద్దడానికి కూర్చుంటే తరగతిలో ముప్పాతిక మంది పొయ్యి వెలిగించారు. ‘చక్కెర పాకమగును’ అని కొందరు. ‘పాకమై, తీగ వచ్చును’ అని ఇంకొందరు. ‘మంట ఎక్కువైన నల్లబడి మాడును’ అని ఒకడు. అందరికంటే చివర కూర్చునేవాడొకడు, ‘మాడును, చేదగును, అవ్వ కొట్టును’ అని రాశాడు.

మా హెడ్‌మాస్టరు గారు కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవారు. ఆ పేపర్లు ఆయన చేతిలో పడ్డాయి.

“ఏమండీ మాస్టారూ,” అన్నారు, “మీరు చెబుతున్నది సైన్సా, మిఠాయి పనా?”

నాకు చెవులు వేడెక్కాయి. పిల్లలను వెనకేసుకొచ్చాను.

“తప్పు వాండ్లది కాదు సార్. ఉర్దూల మైనం కరుగుడు వేరే మాట, ఉప్పు కరుగుడు వేరే మాట. పొయ్యి మీద పెడితే పిఘల్‌తది, నీళ్లల్ల వేస్తె ఘుల్‌తది. తెలుగుల రెండిటికీ ఒక్కటే మాట. నేను ‘కరిగించినచో’ అంటిని. వాండ్లు పొయ్యి ముట్టించిన్రు.”

“మైనానికి ద్రవీభవనం అనే మాట ఉందిగా. అది చెప్పండి.”

“ఆ మాట వాండ్ల అవ్వలెవ్వరు అనరు సార్.”

హెడ్‌మాస్టరు గారు మంచి మనిషి. “నిజమేనండోయ్,” అన్నారు, “మా ఇంట్లోనూ వెన్న కరిగిందనే అంటాం, పంచదార కరిగిందనే అంటాం. ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు.” ఆ ప్రశ్నకు అందరికీ మార్కులు వేయమన్నారు.

పరీక్షల తర్వాతి సెలవులకు మళ్లీ పెద్దపల్లి దిక్కు పోయాను. పోకుండా ఉండలేను, పోతే చెప్పడానికి ఏమీ లేదు. బదిలీ సంగతి మామ అడిగాడు. లేదన్నాను. ఆ తర్వాత అందరం అన్నాలకు కూర్చున్నాం. ఎవరూ మాట్లాడటం లేదు. కూర బాగుందనడం ఎన్నిసార్లు? ఆ మౌనం భరించలేక నేను పిల్లల పేపర్ల కథ ఎత్తుకున్నాను. పాకం, తీగ, అవ్వ కొట్టుడు అన్నీ చెప్పాను. మామకు పొలమారేటంత నవ్వు వచ్చింది. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో.

నా భార్య వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు. కానీ నా వైపు చూసింది. వానాకాలం తర్వాత నన్ను ఆమె అట్లా నేరుగా చూడటం అదే మొదలు.

“బావా,” అంది, “మరి నీళ్లల్ల కరిగింది ఏడికి పోతది?”

నేను మాస్టరును. ప్రశ్న అడిగితే చాలు, జవాబు దానంతట అదే వస్తుంది. “ఏడికి పోదు. అండ్లనే ఉంటది. కండ్లకు కానరాదు, గంతే.”

“కొంచెమన్న తగ్గదా?”

“తగ్గదు. వేసినంత వేసినట్టే ఉంటది. పైన తాగినా గదే ఉప్పన, అడుగున తాగినా గదే ఉప్పన. ప్రతి చుక్కల ఉంటది.”

ఆమె కొంగు సర్దుకుంది.

“మరి అందరు కరిగిపోతది, కరిగిపోతది అంటరు” అంది. లేచి లోపలికి వెళ్లిపోయింది.

మామ మళ్లీ మజ్జిగ పోసుకున్నాడు. అత్త నా విస్తట్లో అన్నం వడ్డించింది. వాళ్లకు అది పాఠం గురించిన మాట. నాకూ ఆ పూట అంతకంటే ఏమీ అర్థం కాలేదు. సందేహం బాగా అడిగిందే, మా పిల్లలు ఇట్లా అడిగితే ఎంత బాగుండును అనుకున్నాను. ఇంత మొద్దును రసాయనశాస్త్రం చెప్పమని పంపినందుకు సర్కారును అనాలి.

సెలవులు అయిపోయి తిరిగి వస్తున్నాను. జగిత్యాల దాటాక బండి, ఆ తర్వాత పడవ. చలికాలం గోదావరి పలచబడి నిదానంగా పోతోంది. పడవలో నేనూ, ఒక మేకల మనిషీ, ఆయన మేకలూ. ఆ మాట నా వెంట పడవ ఎక్కింది. ఎవరు కరిగిపోతదని అన్నారు? ఉప్పు గురించి ఎవరూ అనలేదు. నేనన్నాను, దసరాకు, గుమ్మంలో నిలబడి, ఆమె దుఃఖం గురించి. అత్త అంది. ఊరంతా అంది. మేమందరం కరగడం అంటే లేకుండా పోవడం అనుకున్నాం. ఆమె మాత్రం అది ఎక్కడికి పోతుందని అడిగింది. మేకలు నా సంచి వాసన చూస్తుంటే వాటిని అదిలించడం కూడా మరచి కూర్చున్నాను.

బడి తెరిచాక మళ్లీ అదే పాఠం మొదటినుంచి చెప్పాను. ఈసారి పుస్తకం మూసేశాను. ఒక కొవ్వొత్తి ముక్కను గరిటెలో పెట్టి దీపం మీద కరిగించాను. గరిటెను పక్కన పెడితే అదే గట్టిపడింది. “దీనికి వేడి చాలు. ఇంకోటి అవసరం లేదు” అన్నాను. తర్వాత గ్లాసెడు నీళ్లలో దొడ్డుప్పు వేసి కలిపాను. “దీనికి పొయ్యి అవసరం లేదు. ఇంకోటి కావాలె. నీళ్లు లేకుంటె ఇది ఇట్లనే కూసుంటది.” ఒక్కొక్కరినీ పిలిచి వేలు ముంచి నాకమన్నాను. ఉప్పు కనిపిస్తోందా? లేదు సార్. ఉందా? ఉంది సార్.

ఆ నీళ్లను ఇనుప మూకుడులో పోసి పొయ్యి మీద పెట్టాను. పిల్లలు చుట్టూ మూగారు. నీళ్లు మరిగాయి, తగ్గాయి, చిటపటలాడాయి. మూకుడు అంచుల వెంట తెల్లగా పేరుకోవడం మొదలైంది.

“సార్, వాపస్ వచ్చింది సార్! ఉప్పు వాపస్ వచ్చింది!”

ఎవడో గంతులేశాడు. పిల్లలు అంత సంబరపడుతుంటే నాకు ఏడుపు వచ్చింది. పొగ అని చెప్పి బయటికి వచ్చాను. వేపచెట్టు కింద నిలబడి కళ్లు తుడుచుకున్నాను. బిడ్డ పోయి ఎన్ని నెలలు! నేనూ ఏడవలేదు. మగవాణ్ణని ఊరుకున్నాను, చెప్పొద్దన్నారని ఊరుకున్నాను. మాట్లాడకపోతే పోతుందనుకున్నాను. గింజ కూడా తగ్గకుండా నాలో అంతా ఉంది. గోదావరికి అవతల ఒక వంటింటి గడప మీద ఆమెలోనూ అంతా ఉంది. ఇద్దరం ఎవరిది వాళ్లం మోస్తున్నాం, ఒక్క మాట అనుకోకుండా.

ఉగాది ఎంతో దూరం లేదు. హెడ్‌మాస్టరు గారిని సెలవు అడిగాను.

“ఇప్పుడే కదండీ సెలవులు అయ్యాయి, మళ్లీ ఏమిటి?”

“ఇంట్ల పని సార్.”

ఆయన నా మొహం చూసి సెలవు కాగితం మీద సంతకం పెట్టారు.

నేను పోయేసరికి మామ పొలానికి పోయాడు. అత్త పొరుగింట్లో ఉంది. నా భార్య వాకిట్లో చాప మీద మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి కాళ్లకు నీళ్లు తెచ్చింది. చెంబు అందుకోకుండా అక్కడే నిలబడి, దారి పొడుగునా కూడగట్టుకున్నది ఒక్కసారిగా అనేశాను.

“ఏడ పెట్టినమో చెప్త.”

ఆమె పొరుగింటి దిక్కు చూసింది. “అవ్వ చెప్పద్దన్నది గద.”

“చెప్పద్దనే అన్నది. నేను చెప్తున్న.”

“మళ్ల బిడ్డ నిలువదంటరు.”

“అంటరు. గని ఇప్పుడు నువ్వే నిలువకుంటున్నవ్.”

ఆమె చెంబు కింద పెట్టింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఊరు దాటి ఏ బాట పట్టామో, ఆ పొద్దు వాన ఎట్లా కాస్త తెరిపిచ్చిందో, పక్కింటాయన గడ్డపార ఎట్లా మోసుకొచ్చాడో, ఒడ్డున ఏ ఎత్తు చూశామో, మీద రాళ్లు ఎట్లా పేర్చామో అంతా చెప్పాను. ఆమె ఎదురుగా చాప అంచు మీద కూర్చుని, నేను ఆగినప్పుడల్లా “ఆఁ, ఇంకా” అంది. మిరపకాయల ఘాటుకు ఇద్దరికీ దగ్గు వచ్చింది. అయినా అక్కడినుంచి లేవలేదు. ఆమె నోటినుంచి అన్ని మాటలు నేను ఎన్నో నెలలుగా వినలేదు.

పొద్దు గూకేసరికి అత్తకు తెలిసిపోయింది. నన్ను ఏమీ అనలేక కూతురి మీద పడింది. “చెప్పద్దన్న ముచ్చట చెప్పించుకుంటివి, ఇగ ఏమైతదో ఏమో” అని తల కొట్టుకుంది. నా భార్య మూట కట్టుకుంటూనే, “నేను పోయి చూస్తనే అవ్వా” అంది. “చూసి వస్తవా?” అని మామ గుమ్మంలోనుంచి అడిగాడు. ఆమె మూట ముడి బిగించింది. మామ నా వైపు చూశాడు. ఆయన బండి కట్టమని పాలేరుకు చెప్పి లోపలికి పోయాడు.

దారంతా ఆమె మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చూసి వెనక్కి పోతుందేమో అని నాకు లోపల గుబులుగానే ఉంది. అడగడానికి ధైర్యం రాలేదు. పడవ దిగాక ఇంటికి పోదామా అన్నాను. ముందు అక్కడికే అంది.

ఎండలు ముదరలేదు. గోదావరి ఒక పక్కకు ఒదిగి పారుతోంది. ఇసుకలో ఎవరో దోసతీగలు పెట్టారు. ఎత్తు మీద రాళ్లు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. మధ్యన గడ్డి మొలిచి ఎండింది. నేను చెయ్యి చూపించాను. ఆమె కొంచెం దూరంలోనే ఆగింది.

“తల ఏ దిక్కు పెట్టిన్రు?”

“దక్షిణం దిక్కు.”

ఆమె చుట్టూ తిరిగి తలవైపు పోయి కూర్చుంది. ఒక రాయి మీద చెయ్యి పెట్టింది.

“మీద ఏం కప్పిన్రు?”

“నీ చీర కొంగు చింపి చుట్టిన. ఆకుపచ్చ చీర.”

“గా చింపిన కొంగు కోసం ఇల్లంత దేవులాడిన” అంది. “ఎవ్వల నడుగాలెనో తెల్వక ఊకున్న.”

ఆమె ముందుకు వంగి, రాళ్లకు దగ్గరగా, మెల్లగా ఒక పేరు పిలిచింది. పడుకున్న పిల్లను నిద్ర చెదరకుండా పిలిచినట్టు పిలిచింది. మళ్లీ పిలిచింది. పురుడు తీరని బిడ్డకు మా దిక్కు పేరు పెట్టరు. ఇన్ని నెలలూ నేను లోపల్లోపల ‘బిడ్డ’ అనే అనుకున్నాను.

“ఎప్పుడు పెట్టినవ్?” అని అడిగాను.

“పుట్టిన దినమే. నువ్వు బయటికి పోయినంక. చెవుల చెప్పిన.”

“నాకు చెప్పకపోతివి.”

“ముచ్చట తియ్యద్దన్నరు గద” అంది. నా వైపు తిరిగి, “నువ్వు గూడ పిలువు బావా” అంది.

పిలిచాను. నా నోట ఆ పేరు అదే మొదటిసారి. అప్పుడు ఏడ్చింది ఆమె. పురుటి మంచం మీద ఏడవని మనిషి, అక్కడ ఆ రాళ్ల పక్కన చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, లేచి ఇసుక దులుపుకుని, ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగింది.